దండులోని బారకాసులు – సిపాయి జీతపు కథ

బెంగుళూరు నగరమును చూడవచ్చు మన తెలుగువారిలో పెక్కురు లాల్‌బాగును, విధానసౌధమును, బసవనగుడి నందిని చూచి సంతృప్తులై మరలిపోవుదురు. మహాత్మాగాంధి రోడ్డు ప్రాంతమున నడచునపుడు బ్రిగేడు రోడ్డు, ఇన్‌ఫెంట్రీ రోడ్డు అను పేర్లు వారి కన్నులబడును. ఇప్పటి కామరాజు రోడ్డు కూడ ఒకప్పుడు కావల్రీ రోడ్డే. ఒకటి పటాలము పేర, ఒకటి కాల్బలము పేర, ఒకటి గుఱ్ఱపు దళము పేర వెలసిన వీథు లివి. ఈ ప్రాంతమంతయు ఒకప్పుడు సైన్యపు విడిది. ఇచ్చటి కన్నడిగులు దీనిని నేటికిని 'దండు' అనియే వ్యవహరింతురు. ఆ మాట మనకును క్రొత్తది కాదు. మన పల్లెలలో దండు వచ్చినదన్న సేన వచ్చినదనియే అర్థము.

చందాపురమునందు కాపురముండు మనము హోసూరు రాజమార్గముననే నిత్యము రాకపోకలు సాగించుచున్నాము. ఒకవంక బొమ్మసంద్ర కర్మాగారములు, వేరొకవంక ఆనేకల్లు పోవు దారి, ఎప్పుడును తెగని బండ్ల వరుస. 1791 మార్చిలో కారన్‌వాలిసు ప్రభువు బెంగుళూరు కోటను పట్టుకొన్న పిదప, ఆ సంవత్సరము జూలైలో ఇంగ్లీషు సేనలు ఈ దిక్కుననే హోసూరును స్వాధీనపఱచుకొన్నవి. ఆ సేనలో తెల్లవారికంటె మద్రాసు సిపాయిలే అధికసంఖ్యాకులు. మద్రాసు సిపాయిలలో తమిళులును, ముసల్మానులును ఉన్నట్లే మన తెలుగువారును విశేషముగ ఉండిరి. ఉద్యోగములకై బెంగుళూరునకు వచ్చిన తెలుగువార మేమే మొదటివారమని మనలో కొందఱు తలంతురు. మనకంటె రెండు శతాబ్దములు ముందుగనే నెలజీతమునకై ఈ ఊరికి నడచివచ్చిన తెలుగువారు కలరు. వారి యిండ్లెచ్చట నుండెను, వారి జీతమెంత, దానితో వారెట్లు బ్రదికిరి అను విషయమును ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

1799లో టిప్పు సుల్తాను మడిసిన తరువాత కంపెనీవారు తమ సేనలను శ్రీరంగపట్టణమున నిలిపిరి. కావేరీ నది రెండు పాయల నడుమనున్న ఆ ద్వీపమునందు చలిజ్వరములు మిక్కుటముగ ప్రబలి సైనికులు రాలిపోవజొచ్చిరి. అందుచే ఎత్తైన నేలయు, చల్లని గాలియు గల బెంగుళూరునకు సేనను తరలింప నిశ్చయించిరి. మద్రాసు ఇంజనీరుదళమునకు చెందిన జాన్ బ్లాకిస్టను అను నతడు 1806లో హలసూరు చెరువునకు సమీపమున దండునకు రూపురేఖలు దిద్దెను. 1809 నాటికి సేన ఇచ్చట స్థిరపడినది. మన గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటను కూడ ఆ మద్రాసు ఇంజనీరుదళమువాడే యను సంగతి పాఠకులకు ఆసక్తి గొలుపును.

సిపాయికొలువునకును తెలుగువారికిని గల సంబంధమును ఒక్క మాట చాటుచున్నది. ఉత్తర హిందూస్థానమున సిపాయిని 'తిలంగా' యని పిలుచుట కలదు. క్లైవు 1756లో మద్రాసునుండి ఓడలమీద వంగదేశమునకు సిపాయిలను తీసికొనిపోయెను. ఎఱ్ఱకోటు ధరించి వరుసదీరి నడచు ఆ దాక్షిణాత్యులను చూచి అచ్చటి ప్రజలు తెలంగదేశమువారని ఆ పేరు పెట్టిరి. తరువాత ఆ కొలువులో చేరిన అయోధ్య, బీహారు ప్రాంతములవారికిని అదే పేరు అంటుకొన్నది. 1857లో ఢిల్లీ వీథులలో తిరుగుబాటు సిపాయిలను తిలంగాలనియే పిలిచిరి. వారిలో తెలుగుమాట నెఱిగినవాడు అరుదు! మన జాతి పేరు ఒక వృత్తి పేరైనది. ఇంతటి గౌరవము పొందిన ఆ వృత్తివారి గుర్తులు మనకెన్ని మిగిలినవి?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు బారకాసులను చూడబోయినవానికి ఒక వింత కానవచ్చును. బ్యారక్సు అను ఇంగ్లీషు మాట మన నోట బారకాసు అయినది. పాత దండులందు మిగిలిన బారకాసులు గట్టి రాతితోను, ఇటుకతోను, సున్నముతోను కట్టినవి. ఎత్తైన పైకప్పు, చుట్టును విశాలమైన వసారా, గాలి పోవుటకై పైభాగమున కిటికీలు గలవి. అవి తెల్ల సైనికులకొఱకు ప్రభుత్వము తన ఖర్చుతో కట్టించినవి. నల్ల సిపాయికి అట్టి బారకాసు లేదు. ఆతనికి 'లైను' అను పేర కొంత ఖాళీ జాగా చూపెడివారు. గుడిసె వేసికొనుటకై స్వల్పధనము చేతికిచ్చెడివారు. ఆ సొమ్ము చాలినను చాలకున్నను మట్టిగోడలు పెట్టుకొని, కప్పు కప్పుకొని, ఆలుబిడ్డలతో ఆతడు కాపురముండవలసినదే. పటాలము వేఱొక ఊరికి కదలినచో ఆ గుడిసె నెవరికైన అమ్ముకొని, క్రొత్త ఊరిలో మరల మొదటినుండి కట్టుకొనవలెను. కావున తెల్లవాని బారకాసు నూటయేబది ఏండ్లైనను నిలిచినది. సిపాయి గుడిసె నాలుగు వానకాలములలో నేలలో కలిసిపోయినది. నేడు మనము పాత బారకాసును చూచి ఇదియే సైనికుల నివాసమని పిల్లలకు చెప్పినచో సగము సత్యమే చెప్పినవార మగుదుము.

ఇక జీతము మాట. పందొమ్మిదవ శతాబ్దిలో అధికభాగము సిపాయి జీతము నెలకు 7 రూపాయలు. అదే కాలమున తెల్ల సైనికుని జీతము దినమునకు ఒక షిల్లింగు. అనగా నాటి మారకమున నెలకు సుమారు 15 రూపాయలు. తెల్లవానికి బారకాసు ఉచితము. సిపాయి తన 7 రూపాయలలోనుండియే తిండి తినవలెను, సంసారమును పోషింపవలెను. అంతియకాదు, దుస్తులలో కొన్నిటి ఖరీదును సర్కారువారు ఆ జీతమునుండియే కోసికొనెడివారు. దండయాత్రకు పోవునపుడును, దూరదేశములందు ఉండునపుడును 'బత్తా' యని కొంత అదనముగ దొరకెడిది. మన 'భత్యము' వంటిదే యిది. ధాన్యపు ధర మితిమీరి పెరిగినపుడు కరువు పరిహారము కొంత లభించెడిది. ఇవి కలిసినప్పుడే సిపాయి సంసారము సాగెడిది. కావుననే బత్తాను తగ్గించినపుడెల్ల పటాలములలో గడబిడ పుట్టెను.

మద్రాసు సిపాయికి మఱియొక విశేషము కలదు. వంగ సైన్యపు సిపాయి ఆలుబిడ్డలను స్వగ్రామమున విడిచి వచ్చెడివాడు. మద్రాసు సిపాయి వారిని వెంటబెట్టుకొని తిరిగెడివాడు. పటాలము కదలినదన్న దాని వెనుక స్త్రీలు, పసిబిడ్డలు, ముసలివారు, మూటలు, బండ్లు కదలవలసినదే. సిపాయి కొడుకులను చిన్నతనముననే తక్కువ జీతముపై పటాలము పట్టీలో చేర్చుకొను వాడుకయు నుండెను. ఈ సంసారబంధమునుబట్టియే, సముద్రము దాటి పొమ్మన్నపుడు మద్రాసు సిపాయికి కలుగు వేదన ఎట్టిదో ఊహింపవచ్చును. 1780 అక్టోబరు 3వ తేదీన విశాఖపట్టణమునందు, హైదరుపై యుద్ధమునకై మద్రాసునకు ఓడ ఎక్కుమనగా సిపాయిలు నిరాకరించి తిరుగబడిరి. ఆ కల్లోలమున ఆంగ్లేయులును మృతులైరి. 1824లో బర్మాయుద్ధమునకు పోయిన మద్రాసు సిపాయిలలో శత్రువు చేతికంటె జ్వరములకు బలియైనవారే ఎక్కువ.

సిపాయి మొఱను విన్న చోట శాంతియు, వినని చోట రక్తపాతమును కలిగినవనుటకు 1806వ సంవత్సరము తార్కాణము. నొసటిబొట్టు పెట్టరాదనియు, క్రొత్తరీతి తలపాగా ధరింపవలెననియు సైన్యాధికారులు ఉత్తరువు చేసిరి. వేలూరు కోటలో ఆ ఉత్తరువును మొండిగా సాగింపబోగా, జూలై 10వ తేదీ తెల్లవాఱకమునుపే సిపాయిలు తెల్లవారి బారకాసుపై కాల్పులు జరిపిరి. నాటి సాయంకాలమునకు కోట నిండ సిపాయిల శవములే. హైదరాబాదులోని కంపెనీ సైన్యమందును అదే అలజడి పొడసూపెను; కాని అచ్చటి సేనాధిపతి సమయస్ఫూర్తితో ఆ ఉత్తరువును నిలిపివేయుటచే ఉపద్రవము తప్పెను.

జీతభత్యములకై తిరుగబడినది సిపాయిలు మాత్రమే కాదు, దొరలును తిరుగబడిరి. పటాలములకు డేరాలు సరఫరా చేయుటలో దళపతులకు కొంత ఆదాయము మిగిలెడిది. 1808లో మద్రాసు ప్రభుత్వము ఆ గుత్తను రద్దుచేయగా దొరలకు ఆగ్రహము వచ్చెను. 1809లో మచిలీపట్టణమందును, హైదరాబాదునందును, శ్రీరంగపట్టణమందును అధికారులు గవర్నరు బార్లోపై బహిరంగముగ ఎదురుతిరిగిరి. చిత్రదుర్గమునుండి సిపాయి పటాలములను శ్రీరంగపట్టణమునకు నడిపింపగా, దారిలో ప్రభుత్వపక్షపు అశ్వదళములు వానిపై పడి పెక్కుమంది సిపాయిలను నఱికివేసినవి. తాము ఎవరి ఆదాయముకొఱకు పోరాడుచున్నారో ఆ సిపాయిలకు తెలియునో తెలియదో! తిరుగబడిన దొరలలో పలువురు తరువాత మరల కొలువులో చేర్చుకొనబడిరి. వేలూరు సిపాయిలలో కొందఱు మాత్రము మూడేండ్లకు పూర్వమే ఫిరంగుల మూతులకు కట్టబడి పేల్చివేయబడి యుండిరి. ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినపుడు మాకు కలిగిన బాధ వర్ణింపజాలము.

మన బెంగుళూరు దండులోనుండియే 1857లో జీతపు తగవొకటి బయలువెడలినది. మద్రాసు 8వ అశ్వదళము ఇచ్చట నుండెడిది. వంగదేశపు తిరుగుబాటు నణచుటకై మద్రాసు చేరి ఓడ ఎక్కుడని ఆగస్టులో దానికి ఆజ్ఞ వచ్చెను. దళము కదలినది, కాని మద్రాసు ఇంక ఇరువదియైదు మైళ్లు ఉన్నదనగా రౌతులు ఆగిపోయిరి. 1837కు పూర్వము అమలులోనున్న జీతము, బత్తా, పింఛను తమకు మరల ఇచ్చిననే ముందునకు సాగుదుమనిరి. ఇరువదేండ్ల క్రింద తమ తండ్రులకు దొరకినది తమకు దొరకుట లేదనుటయే వారి మొఱ. ప్రభుత్వము అప్పటికి ఒప్పుకొన్నది. రౌతులు పూనమల్లివఱకు పోయి, అచ్చట మరల ఆగి, తమ దేశీయులపై తాము యుద్ధము చేయమని స్పష్టముగ చెప్పివేసిరి. వారి ఆయుధములను, గుఱ్ఱములను లాగుకొనిరి. గుఱ్ఱములు ఓడలమీద కలకత్తాకు పోయినవి. దళము తరువాత రద్దయినది. జీతముతో ప్రారంభమైన మాట దేశాభిమానముతో ముగిసిన ఈ కథను బెంగుళూరులో తెలుపు శిలాఫలకము మా కంటబడలేదు.

1859లో ఇంగ్లండున ఒక రాజసంఘము ఏర్పడి హిందూదేశమునందలి సైనికుల ఆరోగ్యమును విచారించినది. ఫ్లారెన్సు నైటింగేలు ఆ పనికి ప్రాణము పోసినది. ఏటేట వేయిమంది తెల్ల సైనికులలో 69 మంది మరణించుచున్నారని ఆ సంఘము 1863లో ప్రకటించెను. వారిని చంపునది యుద్ధము కాదు. మురికినీరు, ఇరుకుగదులు, కలరా, జ్వరము, సారాయి. పిమ్మట బారకాసులను ఎత్తైన అరుగులపై కట్టుట, ఒక్కొక్కరికి ఇంత స్థలమని నిర్ణయించుట, మురుగునీటికి కాలువలు తీయుట మొదలైనవి. మరణములు త్వరలోనే ఎంతో తగ్గిపోయినవి. నేడు మనము చూచి మెచ్చుకొను విశాలమైన బారకాసులలో అనేకము ఆ సంస్కరణఫలములే. కావున పాత బారకాసు దొరల దర్పమునకు మాత్రమే చిహ్నము కాదు. మంచి గాలి, మంచి నీరు ఇచ్చిన సైనికుడు బ్రదుకునను సత్యమునకును చిహ్నము. ఆ సత్యము సిపాయి లైనువఱకు నడచివచ్చుటకు మాత్రము మిక్కిలి ఆలస్యమైనది.

సిపాయి జీతము 7 రూపాయలనుండి 9 రూపాయలైనది 1895లో. అప్పటికి ధాతకరువు వచ్చిపోయినది, ధరలు ఎంతయో పెరిగినవి. 1911లో 11 రూపాయలైనది. ఉచిత భోజనసామగ్రి దొరకినది మొదటి ప్రపంచయుద్ధము నడుమ, 1917లో. ఈ మేళ్లు వచ్చునప్పటికి తెలుగు సిపాయికి సైన్యమున తావే కఱవైనది. 1881 మొదలు 1885 వఱకు మద్రాసు సేనాధిపతియైన రాబర్ట్సుదొర దక్షిణాత్యులు యుద్ధమునకు పనికిరారని తలంచెను. వీరజాతులని కొన్నిటిని ఎన్నుకొని తక్కినవారిని త్రోసివేయు విధానము ప్రబలి, తెలుగువారిని కాల్బలమున చేర్చుకొనుట క్రమముగ తగ్గించిరి. తిలంగాయను పేరు మిగిలినది. తెలంగు సిపాయి మాత్రము తొలగింపబడెను. మద్రాసు శాపర్లలోను, పయనీర్లలోను దక్షిణాత్యుల పేరు నిలిచినది. 1780లో పుట్టిన శాపర్ల దళము 1865నుండి బెంగుళూరునే స్థిరస్థానముగ చేసికొని నేటికిని ఉజ్జ్వలముగ నున్నది. పయనీర్ల దళము 1933లో రద్దుకాగా, బ్రిగేడు రోడ్డు చివర దాని స్మారకస్తంభము వాహనముల రద్దీ నడుమ నిలిచియున్నది.

మన తెలుగుదేశమున పాత దండుల గుర్తులు పెక్కు కలవు. హైదరాబాదులో 'బార్కాస్' అను పేట కలదు. నిజాము కొలువులోని అరబ్బు సైనికుల బారకాసులు ఉండుటచే ఆ పేరు వచ్చినది. ఆ సైనికుల సంతతివారు నేటికిని అచ్చట నివసించుచున్నారు. ఏ.సీ. గార్డ్సు అను పేట నిజాము ఆఫ్రికా అశ్వదళమునకు నివాసము. సికిందరాబాదునకు లష్కరను పేరు వచ్చుటకు దండే కారణము. 1857 తరువాత తిరుమలగిరిలో తెల్ల సేనలకై ప్రత్యేకపు కట్టడములు లేచినవి. మచిలీపట్టణమున బందరుకోటలోని కట్టడములు శిథిలములై యున్నవి. 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెనలో ఆ పట్టణపు ప్రాంతమున సుమారు 30,000 మంది నశించిరి. ఆ దెబ్బనుండి బందరు తేరుకొనలేకపోయినది. ఈ స్థలములలో పేరు నిలిచిన చోట కట్టడము నిలువలేదు. కట్టడము నిలిచిన చోట దాని కథను చెప్పువారు లేరు.

బారకాసులను కాపాడుట యేల యని ప్రశ్నించువారు రెండు తెఱగులవారు. పరాయివాడు కట్టుకొన్న ఇల్లు మనకేల యని కొందఱందురు. పాతరాళ్లకు వెచ్చించు ధనమును నేటి సైనికునికి ఇచ్చిన మేలుగదా యని మఱికొందఱందురు. మొదటివారి మాట వినుటకు పౌరుషముగ నుండును. కాని ఆ రాళ్లను మోసినవారు, ఆ సున్నమును నూరినవారు, ఆ వసారాల ముందు పహరా తిరిగినవారు మనవారే. రెండవవారి మాటలో న్యాయము కలదు. జీతము పెంచకుండ స్తంభములు నిలుపుట సైనికుని అవమానించుటయే. ఐనను జీతపు చరిత్రను మఱచిన జాతి జీతము విషయమున మరల పూర్వపు తప్పులే చేయును. గుడిసె డబ్బులు చాలవని 1820లో సిపాయి చెప్పిన మాటను జ్ఞాపకముంచుకొన్న అధికారి, నేటి జవాను కుటుంబపు వసతినిగూర్చి త్వరగా యోచించును.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప సైనికుని స్థితి ఎంతయో మెఱుగుపడినది. నేడు జవాను గుడిసె కట్టుకొనడు, దుస్తుల వెలకై సర్కారునకు ఋణపడడు. ఏడవ వేతనసంఘపు సిఫారసులమేరకు జవాను మూలవేతనము 21,700 రూపాయలతో మొదలగునట్లు ఏర్పడినది. దానిపై సైనికసేవావేతనము 5,200 రూపాయలు. అధికారులకు ఆ సేవావేతనము 15,500 రూపాయలు. ప్రాణభయము ఇద్దఱికిని సమానమైనపుడు ఈ తారతమ్యమేల యని మాజీ సైనికులు అడుగుట కలదు. సమాన హోదాకు సమాన పింఛనను కోరికకై 2015లో వృద్ధసైనికులు ఢిల్లీలో జంతర్‌మంతర్‌కడ దీక్షలు పూనిరి. ఆ సంవత్సరమే ప్రభుత్వము దానిని ప్రకటించెను. 2022లో అగ్నిపథమను పద్ధతి వచ్చినది. నాలుగేండ్ల సేవ పిదప నూటికి 25 మందిని మించకుండ కొలువున నిలుపుదురు. తక్కినవారికి ఏకమొత్తముగ కొంత ధనము లభించును, పింఛను లేదు. ఆ సంవత్సరము జూన్ 17వ తేదీన సికిందరాబాదు రైలుస్టేషనున జరిగిన అలజడిలో ఒక యువకుడు ప్రాణము కోల్పోయెను. ఆ పద్ధతి మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పుట ఈ వ్యాసమునకు మించిన పని. రైళ్లకు నిప్పు పెట్టుటను మే మెన్నటికిని హర్షింపము. కాని పింఛను అను మాటకు సిపాయి హృదయమున ఎంత బరువు కలదో 1857 రౌతుల కథ తెలిసినవారు సులభముగ గ్రహింతురు.

2023లో హిమాచలప్రదేశమునందలి యోల్ దండును రద్దుచేసి, అందలి పౌరప్రాంతమును స్థానికసంస్థలకు అప్పగించుటకు నిర్ణయించిరి. తక్కిన దండులనుగూర్చియు అట్టి యోచనలే సాగినవి. దండుల సరిహద్దులు చెరగిపోవునపుడు పాతకట్టడములకు ఆపద తప్పదు. కోటలకు, దేవాలయములకు లభించు రక్షణ బారకాసునకు లభించుట అరుదు. అందు రాజు నివసింపలేదు, దేవుడు వెలయలేదు, నెలజీతగాడు నిద్రించినాడు. అందుచేతనే అది కాపాడదగినదని మా అభిప్రాయము.

కాపాడుట యన్న రంగులు వేసి తలుపులకు తాళము వేయుట కాదు. ఎచ్చటనైన ఒక పాత బారకాసును నిలుపుకొన్నచో, దాని ప్రక్కనే సిపాయి లైనులోని మట్టిగుడిసె నొకదానిని అదే కొలతలతో కట్టి చూపవలెను. బారకాసు గోడపై 7 రూపాయలలో తిండికెంత, బట్టకెంత, ఇంటికెంత యని లెక్క వ్రాయవలెను. 1809వ సంవత్సరపు దొరల కథను, 1857వ సంవత్సరపు రౌతుల కథను ప్రక్కప్రక్కన ఉంచవలెను. ఆ రెండిండ్ల నడుమ పది నిమిషములు నిలిచిన బాలునికి పాఠ్యపుస్తకము చెప్పలేని సంగతి తెలిసిపోవును.

మన సంఘమువారికి ఒక విన్నపము. తెలుగు కుటుంబములలో తాతముత్తాతలు పటాలమున కొలువు చేసినవారు అనేకులు కలరు. వారి పింఛను పుస్తకము, డిస్చార్జి కాగితము, పతకము పాతపెట్టెల అడుగున పడియుండును. చెదలు తినకమునుపే వానిని వెలికితీసి, నకళ్లు వ్రాసి, పెద్దలు చెప్పు మాటలను కాగితమున ఎక్కింపుడు. సిపాయి గుడిసె నేలపాలైనది. ఆతని లెక్కలైనను మన యింట మిగులనిండు.